దవడ పళ్ళు పోయినవారికి షార్ట్ ఇంప్లాంట్: ఎవరికి కుదురుతుంది, ఖర్చు సంగతేంటి?

ముండ్లమూరు మండల లబ్ధిదారుల కోసం ఆరోగ్య సమాచారం

వెనక దవడ పళ్ళు పోయి మీకు ఏళ్ళయింది. ఒక పక్కనే నములుతున్నారు. జొన్నరొట్టె నానబెట్టుకుని తింటున్నారు, వేరుశనక్కాయలు మానేశారు, మాంసం వండిన రోజు పులుసుతో సరిపెట్టుకుంటున్నారు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే "ఎముక అరిగిపోయింది, ఇంప్లాంట్ పెట్టాలంటే ముందు ఎముక వెయ్యాలి, నెలలు పడుతుంది" అన్నారు. ఖర్చు విని తిరిగొచ్చేశారు. ఈ కాగితం అలాంటి మీ కోసమే.

ఎముక తక్కువున్న చోట పెట్టగలిగే పొట్టి ఇంప్లాంట్ ఒకటి ఉంది. డాక్టర్లు దాన్ని షార్ట్ ఇంప్లాంట్ అంటారు. చాలామందికి ఎముక వేసే ఆపరేషన్ అవసరం లేకుండానే ఇది సరిపోతుంది. అందరికీ కాదు. ఎవరికి కుదురుతుందో, ఎవరికి కుదరదో, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కింద చదవండి. చదవడం ఇబ్బంది అయితే ఇంట్లో పిల్లలతో చదివించుకోండి.

ముందు డబ్బు సంగతి

2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఈ పథకం ఒక జాబితా ప్రకారం పనిచేస్తుంది. జాబితాలో ఉన్న చికిత్సకే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. నోటి క్యాన్సర్, గ్రహణం మొర్రి ఆపరేషన్ లాంటి పెద్ద చికిత్సల కోసం తయారైన జాబితా అది. పన్ను పోయిన చోట ఇంప్లాంట్ పెట్టించుకోవడం మాత్రం మీ జేబులోంచే అనుకుని లెక్క వేసుకోండి. నెట్‌వర్క్ ఆసుపత్రి అని బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడ చేసే ప్రతి పనీ ఉచితం కాదు.

జాబితా ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతూ ఉంటుంది. కాబట్టి బయల్దేరే ముందు 104 కి ఫోన్ చేసి గానీ, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను గానీ అడగండి. అడిగేటప్పుడు "పళ్ళకు వర్తిస్తుందా" అని అడిగితే లాభం లేదు. "దవడ పన్ను ఇంప్లాంట్, దాని మీద క్యాప్, ఈ రెండూ జాబితాలో ఉన్నాయా" అని విడివిడిగా అడగండి.

ఊళ్ళోకి క్యాంపు వచ్చి "మీ కార్డు మీద పళ్ళు ఉచితం, ముందు ఐదు వేలు కట్టండి" అంటే అక్కడే ఆగండి. జాబితాలో ఉన్న చికిత్సకు లబ్ధిదారు దగ్గర డబ్బు తీసుకోకూడదు. జాబితాలో లేనిదానికి కార్డుతో పనే లేదు. ఈ రెండింటి మధ్య "కొంచెం కార్డు, కొంచెం మీరు" అనే మూడో దారి చూపిస్తే ఆ మనిషి పేరు రాసుకుని 104 కి చెప్పండి.

మరి తక్కువ ఖర్చులో ఎక్కడ? దర్శి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, ఒంగోలు సర్వజన ఆసుపత్రి దంత విభాగంలోనూ ముందు చూపించుకుని, ఇంప్లాంట్ తప్పనిసరా కాదా అన్న అభిప్రాయం తీసుకోండి. ఆ మాటకు ఖర్చు లేదు. ఆ తర్వాత డెంటల్ కాలేజీలు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీలు గుంటూరు, నెల్లూరు వైపు ఉన్నాయి. కాలేజీలో పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పని చేస్తారు. ఎక్కువసార్లు తిరగాలి, ఒక్కోసారి గంటలు కూర్చోవాలి. కానీ ఖర్చు మామూలు క్లినిక్ కంటే బాగా తగ్గుతుంది. ఇంప్లాంట్ సామాను ధర మాత్రం అక్కడా కట్టాల్సి రావచ్చు, ముందే అడగండి.

ఇంప్లాంట్ అంటే అసలు ఏంటి?

టైటానియం లోహంతో చేసిన చిన్న మర. పన్ను వేరు ఉండాల్సిన చోట దవడ ఎముకలో బిగిస్తారు. కొన్ని నెలల్లో ఎముక దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు దాని మీద పన్ను ఆకారంలో క్యాప్ పెడతారు. ఎముక టైటానియంను తన సొంతంలా పట్టుకుంటుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ అనే ఆచార్యుడు 1950లలో కుందేళ్ళ మీద పరిశోధన చేస్తూ గమనించాడు. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. ఆ రోగి తర్వాత నలభై ఏళ్ళకు పైగా ఆ ఇంప్లాంట్లతోనే బతికాడు. అంటే ఇది నిన్నా మొన్నా వచ్చిన ప్రయోగం కాదు.

మామూలు ఇంప్లాంట్ పొడవు 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటుంది. 8 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే షార్ట్ ఇంప్లాంట్ అంటున్నారు. 6 మిల్లీమీటర్లవి కూడా బాగా వాడుకలో ఉన్నాయి. 6 మిల్లీమీటర్లు అంటే ఒక బియ్యపు గింజ పొడవు అనుకోండి.

వెనక పళ్ళ దగ్గరే ఎముక ఎందుకు చాలదు?

పన్ను పీకేసిన తర్వాత దాన్ని పట్టుకున్న ఎముకకు పని ఉండదు. పనిలేని ఎముక కరుగుతుంది. మొదటి ఏడాదిలోనే వెడల్పులో దాదాపు సగం పోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. "పన్ను పీకించుకున్నాం, ఎప్పుడో తీరిగ్గా కట్టించుకుందాం" అనుకుంటే, ఆ తీరిక వచ్చేసరికి ఎముక ఉండదు.

పై దవడలో వెనక పళ్ళ పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్ళు పోయాక ఆ గది కిందికి దిగుతుంది. కింద నుంచి ఎముక అరుగుతుంది, పై నుంచి గది దిగుతుంది. మధ్యలో మిగిలేది నాలుగైదు మిల్లీమీటర్లే కావచ్చు.

కింద దవడలో కథ వేరు. ఎముక లోపల ఒక నరం గొట్టంలా నడుస్తుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చేది అదే. ఇంప్లాంట్ కొన ఆ నరానికి కనీసం 2 మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి. మీకు నరం పైన 9 మిల్లీమీటర్ల ఎముక ఉందనుకోండి. 2 తీసేస్తే 7 మిగిలింది. 10 మిల్లీమీటర్ల ఇంప్లాంట్ అక్కడ పట్టదు. 6 మిల్లీమీటర్లది పడుతుంది. షార్ట్ ఇంప్లాంట్ అవసరం ఎక్కడ వస్తుందో ఈ ఒక్క లెక్కలో ఉంది. ఈ లెక్క మీ డాక్టరుతో వేయించుకోండి. "నరం పైన ఎన్ని మిల్లీమీటర్లుంది సార్, సైనస్ కింద ఎన్ని ఉంది" అని అడిగే హక్కు మీకుంది. అంకె చెప్పకుండా "ఎముక లేదు" అని మాత్రమే అంటే ఇంకో చోట చూపించుకోండి.

ఆ అంకె తెలియాలంటే సీబీసీటీ అనే స్కాన్ తీయాలి. నోటి మొత్తానికి తీసే ఓపీజీ ఎక్స్‌రే మొదటి అంచనాకు బాగానే ఉంటుంది గానీ అందులో ఎముక వెడల్పు కనబడదు.

అంత పొట్టిది నిలుస్తుందా?

ఇది అందరూ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. పందిరి గుంజ లోతుగా పాతకపోతే గాలికి ఊగుతుందని మనకు తెలుసు. అయితే నమిలేటప్పుడు పడే బరువు ఇంప్లాంట్ పొడుగునా సమానంగా పంచుకోబడదు. ఎక్కువ భాగం చిగురు దగ్గరున్న పైనున్న కొద్ది మరలే మోస్తాయి. అందుకే అడుగున పొడవు పెరగడం కంటే లావు ఉండటం ముఖ్యం. వెనక పళ్ళ దగ్గర 4 మిల్లీమీటర్లు, ఆపైన లావున్న ఇంప్లాంట్ వాడటానికి కారణం ఇదే. పాతకాలంలో నున్నగా ఉండే పొట్టి ఇంప్లాంట్లు ఎక్కువగా ఊడిపోయేవి. ఇప్పటివాటి పైభాగాన్ని గరుకుగా చేస్తున్నారు, ఎముక బాగా పట్టుకుంటోంది.

కొన్ని ఆసుపత్రులు కలిసి 101 మంది మీద పోల్చి చూశాయి. పై దవడలో ఎముక తక్కువున్న కొందరికి 6 మిల్లీమీటర్ల ఇంప్లాంట్, మరి కొందరికి సైనస్ లేపి ఎముక వేసి పొడుగు ఇంప్లాంట్ పెట్టారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే పొట్టివాటిలో 98.5 శాతం, పొడుగువాటిలో 100 శాతం నిలిచి ఉన్నాయి. పొట్టివాటి ఆపరేషన్ త్వరగా అయిపోయింది, ఖర్చు సుమారు సగమే అయింది. పొడుగుది కొంచెం మెరుగే, కానీ ఆ కొంచెం కోసం రెట్టింపు ఖర్చు, ఇంకో పెద్ద గాయం, ఇంకొన్ని నెలలు. మన దగ్గర వ్యవసాయం మీద బతికే కుటుంబానికి ఏది నయమో చెప్పడం కష్టం కాదు, ఎముక కొలత అనుమతిస్తే.

ఒక లోపం కూడా చెప్పాలి. ఏ ఇంప్లాంట్ చుట్టూ అయినా చిగురు చెడితే ఎముక తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల ఇంప్లాంట్ చుట్టూ 2 మిల్లీమీటర్లు పోతే ఆరో వంతు పోయినట్టు. 6 మిల్లీమీటర్లదానికి అదే 2 పోతే మూడో వంతు పోయినట్టు. పొట్టిదానికి తప్పు చేసే వీలు తక్కువ. అందుకని శుభ్రత, పొగాకు మానడం రెండూ పొట్టిదానికి ఇంకా ఎక్కువ అవసరం.

రెండు మూడు పళ్ళు వరసగా పోయి ఉంటే, పక్కపక్క ఇంప్లాంట్ల మీద క్యాప్‌లను ఒకదానికొకటి కలిపి కడతారు. బరువు పంచుకుంటాయి. రాత్రి నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి, ఇంట్లోవాళ్ళను అడిగి తెలుసుకుని మరీ చెప్పండి. మనకు మన పళ్ళ చప్పుడు వినబడదు.

మన ప్రాంతంవాళ్ళు డాక్టరుకు తప్పకుండా చెప్పాల్సినవి

మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును వైద్యులు మొదటిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక ఇటు కలిసింది. అంటే మన బోరు నీళ్ళ సంగతి వైద్యులకు తెలిసి దగ్గర దగ్గర తొంభై ఏళ్ళు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట గరిష్ఠంగా 1.5 అని మన దేశ ప్రమాణం.

మీ పళ్ళ మీద చిన్నప్పటి నుంచి గోధుమ మచ్చలు, గుంటలు ఉంటే అది ఫ్లోరైడ్ గుర్తే. దాని వల్ల ఇంప్లాంట్ పెట్టకూడదని కాదు. అలాగే "ఫ్లోరైడ్ పళ్ళు, ఎలాగూ ఊడిపోతాయి, అన్నీ పీకించుకుని కొత్తవి పెట్టించుకో" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. మచ్చ ఉన్న పన్ను గట్టిగా ఉంటే దాన్ని కాపాడుకోవడమే మేలు. ఫ్లోరైడ్ ఎముకలకు కూడా పట్టినవారికి నడుం, మెడ పట్టేసి ఉంటాయి. ఎముక చూడ్డానికి దట్టంగా ఉంటుంది గానీ పెళుసుగా ఉంటుంది. దట్టమైన ఎముకలో డ్రిల్ తిప్పితే వేడి పుడుతుంది, ఎక్కువ వేడెక్కితే ఎముక చచ్చిపోయి ఇంప్లాంట్ పట్టదు. సెలైన్ పోస్తూ నిదానంగా చేయాలి. కాబట్టి "నేను ఇరవై ఏళ్ళు బోరు నీళ్ళు తాగాను, నడుం పట్టేస్తుంది" అని నోరు విప్పి చెప్పండి. కుర్చీలో గంటసేపు వెనక్కి వాలి పడుకోగలరా లేదా అన్నది కూడా చెప్పండి.

షుగర్ ఉంటే మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించుకుని ఆ కాగితం తీసుకెళ్ళండి. షుగర్ అదుపులో ఉన్నవారికి ఇంప్లాంట్ పెడతారు, అదుపులో లేకపోతే ముందు అది తగ్గించుకోవాలి. మామూలు షుగర్, బీపీ మన గ్రామ ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చూస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఏ నొప్పి మాత్రా మింగొద్దు, చాలా నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, ఆ చీటీ చూపించండి. ఎముకలు గుల్లబారాయని మాత్రలో ఇంజెక్షనో తీసుకున్న ఆడవాళ్ళు, క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్నవారు దాచకూడదు. వాళ్ళకు దవడ ఎముక గాయం మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా సంగతి. పొగాకు పండించే నేల మనది, బ్యారన్ దగ్గర చుట్ట కాల్చకుండా ఉండేవాళ్ళు తక్కువ. అయినా చెప్పక తప్పదు: పొగాకు వల్ల చిగుళ్ళకు రక్తం సరిగా అందదు, ఇంప్లాంట్ ఊడే అవకాశం పెరుగుతుంది. మానలేనివారు ఇంప్లాంట్‌కు డబ్బు పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోవాలి. తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళు వాళ్ళకు నయం.

ఇంప్లాంట్ తప్పనిసరి కాదు

ముందు పళ్ళు, వాటి వెనక నమిలే చిన్న పళ్ళు రెండు పక్కలా పైనా కిందా కలుస్తుంటే, చిట్టచివరి దవడ పళ్ళు లేకపోయినా చాలామంది బాగానే తింటారు. జపాన్‌లో 1989 నుంచి "80 ఏళ్ళకు 20 పళ్ళు" అని ప్రచారం చేస్తున్నారు. ఇరవై సొంత పళ్ళుంటే దాదాపు అన్నీ నమలవచ్చని దాని వెనక లెక్క. జ్ఞానదంతం పోతే దానికి ఇంప్లాంట్ అవసరమే లేదు.

పోయిన పన్నుకు ముందూ వెనకా గట్టి పళ్ళుంటే బ్రిడ్జి కట్టించుకోవచ్చు. కాకపోతే ఆ రెండు మంచి పళ్ళనూ అరగదీయాలి. వెనక పన్ను లేకపోతే బ్రిడ్జి కుదరదు.

తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళకు ఒక పథకం ఉంది, మన వాళ్ళలో చాలామందికి తెలీదు. రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం 2017 ఏప్రిల్ 1న పక్కనున్న నెల్లూరులోనే మొదలైంది. 60 ఏళ్ళు నిండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, లేదా నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి చేతికర్ర, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, కళ్ళజోడు లాంటివాటితో పాటు కట్టుడు పళ్ళు కూడా ఉచితంగా ఇచ్చే పథకం ఇది. అర్హత చూసే శిబిరాలు పెట్టినప్పుడే పేరు రాయించుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు లేదా ఆదాయ ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని, శిబిరం ఎప్పుడో సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడుగుతూ ఉండండి. చేతికర్ర కోసం వెళ్ళినవాళ్ళు పళ్ళు కూడా అడగొచ్చని తెలియక వచ్చేస్తుంటారు.

ఒకటి మాత్రం చేయొద్దు. సంతలోనో రోడ్డు పక్కనో కూర్చుని, చిగురు మీద ప్లాస్టిక్ ముద్ద కరిగించి పక్క పళ్ళకు అతికించి "ఫిక్స్‌డ్ పళ్ళు, గంటలో రెడీ" అనేవారి దగ్గర కట్టించుకోవద్దు. ఆ ముద్ద కింద అన్నం ఇరుక్కుని కుళ్ళి, మంచి పళ్ళు కూడా కదిలిపోతాయి. బీడీఎస్ గానీ ఎండీఎస్ గానీ చదివి, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న డాక్టరే చేయాలి. ఆ నంబరు అడగడం తప్పు కాదు.

పెట్టించుకోవాలనుకుంటే

ముందు మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి: స్కాన్, ఇంప్లాంట్, దాని మీద బిగించే ముక్క, క్యాప్, మందులు. "ఇంప్లాంట్ ఇంత" అని చెప్పి, క్యాప్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో రేటు చెప్పడం మామూలే. ఊడిపోతే మళ్ళీ పెట్టడానికి ఎంత తీసుకుంటారో కూడా రాయించండి.

మిరప కోతల రోజుల్లో, బ్యారన్ పనిలో ఉన్నప్పుడు పెట్టించుకోవద్దు. రెండు మూడు రోజులు వాపుంటుంది, బరువులు ఎత్తకూడదు, వారం పాటు మెత్తటి తిండి తినాలి. కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు. ఆ తర్వాత క్యాప్ పెట్టేదాకా కింద దవడకు రెండు మూడు నెలలు, పై దవడకు అంతకంటే కొంచెం ఎక్కువ ఆగాలి. పై దవడ ఎముక మెత్తన.

మత్తు ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటల్లో పోతుంది. సాయంత్రానికి కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారినట్టే ఉంటే "రేపు చూద్దాంలే" అనుకోవద్దు. అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. నరం మీద ఒత్తిడి ఉంటే వెంటనే ఇంప్లాంట్ తీసేయాలి, ఆలస్యమైతే ఆ స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది. అది అతికించిన కార్డు అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత క్యాప్ కింద మర వదులైతే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ కంపెనీ స్క్రూడ్రైవరే పట్టాలి. కార్డు లేకపోతే చిన్న పనికి ఉన్న ఇంప్లాంట్‌నే పీకాల్సి రావచ్చు. ఆరు నెలలకోసారి చూపించుకోండి, చిగురు దగ్గర రక్తం కనబడితే ఆరు నెలలు ఆగకుండానే వెళ్ళండి.